ఏ వస్తువుకు బొమ్మలో చోటు?

(అనంతపురంలో చిత్రకళా విద్యార్థులు, డ్రాయింగ్ ఉపాధ్యాయుల సమావేశంలో ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను బొమ్మలు వేస్తూ వచ్చిన దారి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఏ సంవత్సరం ఏ ఊరిలో ప్రదర్శన పెట్టాను, ఎవరు మెచ్చుకున్నారు అనే జాబితా చదివితే ముందు వరసల్లో కూర్చున్న ఈ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఆ జాబితా వదిలేసి, ఇన్నేళ్లుగా నన్ను వదలని ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను.

నేను రంగుతో పాటు అట్ట, దారం, గోనె, సున్నం, పాత గుడ్డ కలిపి బొమ్మలు వేస్తాను. కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఏమిటంటే, "మేడమ్, మిశ్రమ మాధ్యమంలో ఏమేమి కలపవచ్చు?" అని. ఏదైనా కలపవచ్చు. అడ్డుకునేవారు ఎవరూ లేరు. కానీ గోనెసంచిని రంగుతో గీయడం చేతనైన మనిషి, గోనెసంచినే తెచ్చి బొమ్మ మీద ఎందుకు అతికించాలి? రంగు చెప్పలేని ఏ మాట ఆ గోనె చెబుతుంది? దానికి జవాబు ఉంటేనే ఆ వస్తువుకు బొమ్మలో చోటు. ఈ పద్ధతిలో పనిచేసే చిత్రకారుల ఎదుగుదలను నేను ఇలాగే చూస్తాను. వయసు పెరిగేకొద్దీ వారి బొమ్మల్లోకి ఎన్ని వస్తువులు వచ్చాయని లెక్క చూడను. వచ్చిన వస్తువుకు అక్కడ ఉండే హక్కు ఎంత గట్టిదో చూస్తాను.

ఈ కథ 1912తో మొదలైందని పుస్తకాల్లో చదువుతాం. ఆ ఏడాది పికాసో ఒక కోడిగుడ్డు ఆకారపు కాన్వాసు మీద, పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ తాడు బిగించాడు. పేము అల్లిన కుర్చీని గీయడానికి అతనికి ఎంతోసేపు పట్టదు. గీయకుండా, అంగట్లో అమ్మే నకిలీ అల్లికను తెచ్చిపెట్టాడు. ఆ ముక్క నిజమైన వస్తువే, కానీ దాని మీద ఉన్న అల్లిక నిజం కాదు. చూసేవారి కన్ను ఆ రెండింటి మధ్య ఆగిపోతుంది.

అందరూ పికాసో పేరు చెబుతారు. నాకు మాత్రం ఈ కథలో అతని స్నేహితుడు బ్రాక్ దగ్గరివాడు. బ్రాక్ తండ్రి, తాత ఇళ్లకు రంగులు వేసే పనివారు. అతను కూడా కుర్రతనంలో ఆ పనే నేర్చుకున్నాడు. మామూలు చెక్క మీద ఖరీదైన కలప చారలు వచ్చేలా దువ్వెనతో రంగు లాగడం ఆ పనిలో ఒక విద్య. అదే 1912లో, చెక్క చారలు అచ్చువేసిన గోడకాగితం ఒక దుకాణంలో అతని కంటపడింది. కొని తెచ్చి, కత్తిరించి, బొగ్గుతో గీసిన బొమ్మకు అతికించాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు. తాత తండ్రుల పని, ఇంట్లో అన్నం పెట్టిన పని, అతని బొమ్మలోకి అలా నడిచి వచ్చింది. అది అతికిన కాగితమే అయినా, అక్కడ ఉండే హక్కు దానికి పుట్టుకతోనే ఉంది.

మనవైపు కూడా ఈ కలపడం కొత్తది కాదు. తంజావూరు బొమ్మలు చూడండి. పలక మీద గుడ్డ, గుడ్డ మీద సుద్దపూత, సుద్దతోనే ఉబ్బెత్తు నగలు, వాటి మీద బంగారు రేకు, మధ్యలో రాళ్లు. ఎన్ని వస్తువులు! దేవుడి నగను పసుపు రంగుతో సరిపెట్టడం ఆ పనివారికి మనసొప్పలేదు. బంగారమే పెట్టారు. అక్కడ బంగారానికి ఉన్న హక్కు భక్తి ఇచ్చింది. మన రోజుల్లో అంగట్లో దొరికే కిట్లలో అద్దాలు, పూసలు, గుండీలు వస్తాయి. వాటిని అతికించి మిశ్రమ మాధ్యమం అంటున్నారు. ఆ పూసను తీసేసి చూడండి, బొమ్మకు ఏమీ కాదు. తీసేసినా ఏమీ కానిదాన్ని పెట్టడం నాకు నచ్చదు.

మాది ధర్మవరం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ, మా తరం వాళ్ల నోట అనంతపురం జిల్లా అనే వస్తుంది. మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. పట్టుచీరల నేత. అంచులో నెమలి రావాలన్నా, కొంగులో ఏనుగు రావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగుకు లెక్క. డిజైను గీసే మాస్టరు మా వీధిలోనే ఉండేవారు. ఆయన గీతలు గీసి ఇస్తే గళ్లకు రంగు నింపడం నా పని. నెమలి మెడ మన కంటికి గుండ్రంగా కనిపిస్తుంది కదా, గ్రాఫు మీద అది మెట్లు మెట్లుగా ఉంటుంది. రెండు గళ్లు పైకి, ఒక గడి పక్కకు, మళ్లీ రెండు పైకి. ఆ వంపును లెక్కతో పట్టుకోవడం నా మొదటి చదువు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్నప్పుడు ఫ్రీహ్యాండ్‌లో నా గీత బిగుసుకుపోతోందని మాస్టర్లు అనేవారు. దాని వెనక గ్రాఫు కాగితం ఉందని వారికి తెలియదు.

ఆ బిగువు వదిలించింది లేపాక్షి.

లేపాక్షికి మీరంతా వెళ్లే ఉంటారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, నంది దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు తల ఎత్తి పైకప్పు చూడండి. మెడ నొప్పి పుడితే కూర్చుని చూడండి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో విజయనగర అధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించిన ఆలయం అది. పైకప్పు మీద పార్వతీ కల్యాణం ఉంది, కిరాతార్జునీయం ఉంది, ద్రౌపది స్వయంవరం ఉంది. మనుషుల్లో చాలామంది పక్కకు తిరిగి ఉంటారు. జాజు ఎరుపు, పసుపుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. నీలం దాదాపు కనిపించదు. ఆ కొద్దిపాటి రంగుల మీద నల్లటి గీత ఎలా పరిగెడుతుందో చూడాలి. భుజం నుంచి మోచేతి దాకా చెయ్యి ఎత్తకుండా లాగిన గీత అది. నేత ఇంటి పిల్లను కాబట్టి నా చూపు ముందు చీరల మీదికే పోయింది. గళ్ల చీరలు, చారల చీరలు, పువ్వుల అంచులు, ఒక ఆడమనిషి చీరలాగా ఇంకొకరిది ఉండదు. అక్కడి డిజైన్లు ధర్మవరం మగ్గాల మీదికి ఎక్కాయి. మా వీధిలో గ్రాఫు మీద మెట్లుగా మారిన పువ్వు, అక్కడ మెట్లు లేకుండా పూసి ఉంది.

రెండో సంగతి చూడడానికి నాకు ఇంకా కొన్నేళ్లు పట్టింది. లేపాక్షిలో రంగు రాలిపోయిన చోట్లు ఉన్నాయి. అందరూ అయ్యో అంటారు. నాకూ బాధే. కానీ ఆ రాలిన చోట నిలబడి చూస్తే బొమ్మ ఎలా తయారైందో కనిపిస్తుంది. పైన రంగు, దాని కింద నున్నటి సున్నపు పూత, దాని కింద ఇసుక కలిసిన గరుకు పొర, ఆ వెనక రాయి. పైరంగు ఒక్కటే బొమ్మ అనుకున్న నాకు, ఈ పొరలన్నీ కలిసి బొమ్మ అని అక్కడ తెలిసింది. తర్వాత నా చేతుల్లోంచి వచ్చిన ప్రతి బొమ్మకూ మూలం అక్కడే ఉంది.

ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. జిల్లా పరిషత్ పాఠశాలల్లో డ్రాయింగ్ పాఠాలు. సాయంత్రాలు, సెలవులు నావి. కాన్వాసు మీద నూనె రంగులతో ఊరి తిరునాళ్లు, మర్రిచెట్లు, సంతలు వేశాను. కొనేవారు కొన్నారు. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అసలు మలుపు మా ఇంట్లో మగ్గం విప్పేసినప్పుడు వచ్చింది. పట్టు ధర పెరిగింది. మరమగ్గం మీద అదే డిజైను చవకగా వస్తోంది. అన్నయ్య పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలకు వెళ్లారు. ధర్మవరంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొయ్య భాగాలు ఎవరో పట్టుకుపోయారు. అటక మీద జకార్డు అట్టలు మిగిలాయి. వాటిని నేను తెచ్చుకున్నాను.

జకార్డు అట్ట చూడనివాళ్లు ఇక్కడ ఉంటే, కొంచెం వివరంగా చెబుతాను. ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన 1804లో తయారుచేసిన యంత్రానికి వాడే అట్ట అది. ఆ యంత్రం మగ్గం పైన ఉంటుంది. పొడవాటి గట్టి అట్టలకు చిల్లులు పొడిచి, ఒకదానికొకటి దారంతో కుట్టి, దండలా వేలాడదీస్తారు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని పడుగు పోగు, అంటే నిలువు పోగు, పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు లేవదు. లేచిన పోగుల కిందుగా నాడె పోతుంది, అది మోసే అడ్డపోగు, అంటే పేక, పడుతుంది. ఒక అట్టకు ఒక పేక. ఒక నెమలి పూర్తి కావాలంటే దండ అంతా తిరగాలి.

ఆ అట్టలు వరసగా నేల మీద పేర్చి నేను నెమలి కోసం వెతికాను. కనపడదు. ఒకే పేకకు చెందిన చిల్లులను అట్ట మీద కొన్ని వరసలుగా మడిచి పొడుస్తారు. అందువల్ల కంటికి అవి చెదిరిన చుక్కల్లా ఉంటాయి. నెమలి మొత్తం అందులోనే ఉంది, ముక్కు నుంచి తోక దాకా ఉంది. కానీ దాన్ని చదవగలిగేది మగ్గం ఒక్కటే. ఆ మగ్గం ఇప్పుడు లేదు.

నా ప్రశ్నకు మొదటిసారి జవాబు దొరికింది అక్కడే. ఆ అట్టను నేను ఎంత చక్కగా గీసినా, గీసిన అట్టలో నెమలి ఉండదు. నా చేతిలో ఉన్న అట్టలో ఉంది. రంగుతో ఆ పని జరగదు. ఆ అంచులకు నాన్న చేతి నూనె మరకలు ఉన్నాయి, దారం తెగినచోట ఆయన వేసిన ముడులు ఉన్నాయి. అవి కూడా గీయడానికి వచ్చేవి కావు.

అట్టలు దొరికాయి గానీ వాటితో ఏం చేయాలో చాలాకాలం తేలలేదు. దారి చూపింది నిమ్మలకుంట. ధర్మవరం పక్కనే ఉన్న ఊరు. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలుసు. మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుతురు దూరేంత పలచన చేసి, నల్లటి గీతలు గీసి, రెండువైపులా రంగులు వేస్తారు. ఆ తర్వాత చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. ఆ చిల్లులే నగలు. సీతమ్మ వడ్డాణం, రావణుడి కిరీటాల్లోని రాళ్లు, హనుమంతుడి అంచు పంచె, అన్నీ చిల్లులే. పగటిపూట చేతిలో పట్టుకుంటే అది చిల్లులు పడిన తోలు. తెర వెనక దీపం పెడితే నగలు మెరుస్తాయి. తంజావూరులో బంగారు రేకు చేసిన పనిని ఇక్కడ తోలులోని ఖాళీ చేస్తోంది.

నిమ్మలకుంట చిల్లును, మా ఇంటి అట్ట చిల్లును పక్కపక్కన పెట్టుకున్నాను. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం కొద్దిపాటిదే, చిల్లుల మధ్య అది కూడా లేదు. అట్టలను మళ్లీ దారంతో కుట్టి, గోడకు కొంచెం ఎడంగా వేలాడదీసి, వాటి వెనక దీపం పెట్టాను. ముందువైపు పలచటి సున్నం పూశాను, అంచులకు జాజు. మా ఇళ్లలో పండగకు గోడలకు సున్నం వేసి అడుగున జాజు పట్టీ తీసేవాళ్లు కదా, అదే క్రమం. నాన్న మరకలున్న చోట సున్నం పూయలేదు. ఆ వరస బొమ్మలు వేస్తూ చాలా ఏళ్లు ఉన్నాను. పల్లెల నుంచి వచ్చిన నేతగాళ్లు వాటి ముందు నిలబడి, చిల్లులు చదవడానికి ప్రయత్నించేవారు. ఒక పెద్దాయన వేలు పెట్టి తడిమి, "ఇది కొంగు అట్ట అమ్మా, అంచుది కాదు" అన్నారు. ఏ పత్రికా అంత సరైన సమీక్ష రాయలేదు.

ఇక కరువు బొమ్మల గురించి. రాయలసీమ చిత్రకారులు కరువు దగ్గరికి రాకుండా ఉండలేరు. వచ్చినప్పుడు ఏం చేస్తారో చూడండి. పగుళ్లిచ్చిన నేల, ఎముకల గూడు లాంటి ఎద్దు, ఆకాశం వైపు చూసే రైతు. ఇవి చూసి చూసి మన కన్ను మొద్దుబారింది. నిజమైన బాధకు అరువు తెచ్చుకున్న బొమ్మ ఎందుకు?

ఇక్కడ నాకు గురువు బెంగాల్ చిత్రకారుడు, శిల్పి సోమనాథ్ హోర్. ఆయన 1921లో చిట్టగాంగ్‌లో పుట్టారు. 1943 బెంగాల్ కరువులో ఆకలితో పడి ఉన్న మనుషులను దగ్గరగా కూర్చుని గీశారు. అప్పుడాయన కుర్రవాడు. ఆ గీతల్లో మనుషులు ఉన్నారు, పక్కటెముకలు ఉన్నాయి. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1970ల్లో, 'గాయాలు' అనే వరస చేశారు. అందులో మనుషులు లేరు. మెత్తటి పలకను కత్తితో కోసి, కాల్చి, దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కారు. తెల్లటి కాగితం మీద తెల్లటి కోత, అంతే. కాగితానికే గాయమైంది. 1943లో కంటితో చూసినదాన్ని చెప్పడానికి తగిన పదార్థం ఆయనకు నడివయసు దాటాక దొరికింది. చిత్రకారుల జీవితం అంటే నాకు ఈ ముప్పై ఏళ్లే గుర్తుకొస్తాయి. విషయం చిన్నప్పుడే దొరకవచ్చు. దానికి తగిన వస్తువు దొరికేదాకా పని ఆపకుండా ఉండాలి.

ఇటలీలో అల్బెర్తో బుర్రి అనే ఆయన సైన్యంలో డాక్టరు. 1943లో పట్టుబడి అమెరికాలోని టెక్సస్‌లో యుద్ధఖైదీగా ఉన్నాడు. అక్కడే గోనెగుడ్డ మీద బొమ్మలు మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చాక వైద్యం మానేసి, చిరిగిన గోనెలను కుట్టి కాన్వాసుకు బిగించాడు. కుట్లు వేయడం తెలిసిన చెయ్యి అది. ఆ గోనెల గురించి చదివి నేను కూడా వేరుశనగ మండీల నుంచి పాత సంచులు తెచ్చాను. వాటి మీద మండీ ముద్రలు, తూకం అంకెలు ఉండేవి. ఆ బొమ్మలు కొన్ని ఉన్నాయి. కానీ అనంతపురం కరువుకు గోనె కంటే దగ్గరి వస్తువు మరొకటి ఉందని మా అవ్వ మాటల్లో దొరికింది.

1876–78 నాటి కరువును మనవాళ్లు ధాతు కరువు అంటారు. 1952 నాటిదాన్ని గంజి కరువు అంటారు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు, జనం ముంతలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అవ్వ ఆ వరసలో నిలబడింది. గంజి అందుకున్న చెయ్యి కాలినా ముంత వదల్లేదని చెప్పేది. ఆమె నూలుచీర ఒకటి నా దగ్గర ఉంది. ఆ చీరను చిక్కటి గంజిలో ముంచి, పలక మీద పరిచి, తడి ఆరకముందే చేతులతో మడతలు పెట్టాను. ఎండలో ఆరేసరికి గట్టిపడి, పెట్టిన మడత పెట్టినట్టే నిలిచింది. వరసగా నిలబడిన మనుషుల మోకాళ్లు, వంగిన వీపులు ఆ మడతల్లో ఉన్నాయి. దాని మీద గీత గీయలేదు, రంగు వేయలేదు. గంజి కరువు బొమ్మలో గంజి ఉంది, ఆ వరసలో నిలబడిన మనిషి చీర ఉంది. నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, విద్యార్థులు రాసుకోండి. గంజిని పురుగు తింటుంది. పుస్తకాలు బైండింగ్ చేసేవారు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టదు. అది విషం, చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. కానీ మైలుతుత్తం కలిపితే తెల్లగుడ్డకు నీలి ఛాయ వస్తుంది. ఆ చీర మీద నీలం రాకూడదు. అందుకని మైలుతుత్తం జోలికి పోకుండా, బొమ్మనే గాజుపెట్టెలో మూసి ఉంచాను. వస్తువును తెచ్చుకున్నామంటే దాని చావును కూడా తెచ్చుకున్నట్టే, దాన్ని కాపాడే బాధ్యత మనదే. వార్తాపత్రిక కాగితం అతికిస్తే కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసుబారుతుంది, ఆ కాగితంలోనే ఆ గుణం ఉంది. ఎండిన ఆక్రిలిక్ మీద నూనె రంగు నిలుస్తుంది, నూనె రంగు మీద ఆక్రిలిక్ వేస్తే పెచ్చులూడుతుంది. సున్నం మీద ప్రష్యన్ బ్లూ వేయకండి, సున్నం దాన్ని చంపేస్తుంది. జాజు మాత్రం సున్నంతో వందల ఏళ్లు కాపురం చేస్తుంది, లేపాక్షే సాక్ష్యం.

పసుపు సంగతి మీ అందరికీ తెలుసు, తెలిసినా రంగుగా ఆలోచించి ఉండరు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి అదే. తడిసున్నం పూసిన పలక మీద పసుపునీళ్లతో గీత గీస్తే, కళ్లముందే ఆ గీత ఎర్రగా మారుతుంది. గీసే మనిషికి, గోడకు మధ్య జరిగే సంభాషణ అది. మొదటిసారి చూసిన ఏ పిల్లవాడూ దాన్ని మరచిపోడు. కాకపోతే పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది. అందువల్ల అమ్మే బొమ్మకు పనికిరాదు. పాఠం చెప్పడానికి అంతకు మించింది లేదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. తరగతిలో అందరికీ ఒకే కిట్టు కొనిపించకండి. వాళ్ల ఇంటి పనిలోంచి ఒక వస్తువు తెమ్మనండి. తాడిపత్రి, బేతంచెర్ల పిల్లల ఇళ్ల పక్కనే బండల పాలిష్ యూనిట్లు ఉంటాయి. అక్కడ పారబోసే బూడిదరంగు రాతిబురద ఆరితే మెత్తటి పొడి అవుతుంది, జిగురులో కలిపితే చక్కటి పూత. పొడిగా ఉన్నప్పుడు పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి ప్రపంచానికంతా పోతోంది, రంగుల తయారీలో కూడా కలుపుతారు. మీరు అంగట్లో కొనే తెల్లరంగు డబ్బాలో మన సీమ రాయి ఉండవచ్చు. మెకానిక్ కొడుకు పాత గాస్కెట్లు తెస్తాడు, దర్జీ కూతురు పేపర్ ప్యాటర్న్‌లు తెస్తుంది. తెచ్చాక వెంటనే అతికించనివ్వకండి. ఇది ఇక్కడ ఎందుకుండాలి అని అడగండి. జవాబు నోటితో చెప్పలేకపోయినా ఫరవాలేదు, ఆలోచిస్తారు.

వయసు గురించి కూడా చెప్పాలి, ఈ సభలో నాతోటి వాళ్లు కొందరున్నారు. నా వేళ్ల కీళ్లు ఇప్పుడు సన్నటి కుంచె పట్టనివ్వడం లేదు. దాని గురించి ఎవరైనా జాలి పడితే నాకు నచ్చదు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ గారికి పుట్టుకతోనే చూపు తక్కువ. ఆ చూపుతోనే హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సంతుల జీవితాన్ని 1946–47లో అంత పెద్ద కుడ్యచిత్రంగా వేశారు. 1950ల్లో శస్త్రచికిత్స తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన రంగుకాగితాలు కత్తిరించి బొమ్మలు అమర్చారు, మైనంతో చిన్న శిల్పాలు చేశారు, 1972లో కళాభవన్ గోడకు సిరామిక్ పలకలతో కుడ్యచిత్రం చేయించారు. కాగితం అంచు వేలికి తెలుస్తుంది. గీత తెలియదు. అందుకే ఆయనకు కాగితం కావలసి వచ్చింది. వస్తువుకు ఉండే హక్కు అని ఇందాకటి నుంచి అంటున్నాను కదా, ఇంతకంటే గట్టి హక్కు నేను ఊహించలేను.

ఫ్రాన్స్ చిత్రకారుడు మతీస్ కూడా అంతే. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగి, మంచం, చక్రాల కుర్చీ మధ్య మిగిలిన ఏళ్లు గడిపాడు. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే, కత్తెరతో నేరుగా రంగులోంచి ఆకారాలు కత్తిరించాడు. ఉత్తర ఫ్రాన్స్‌లో నేతపనికి పేరుపడ్డ ఊరిలో పెరిగిన మనిషి. చివరి రోజుల్లో అతని చేతికి కత్తెర రావడం, నేత ఇంట్లో పుట్టిన నాకు ఆశ్చర్యం కలిగించదు.

నేను ఇప్పుడు చేస్తున్న పనిలో మూడే వస్తువులు ఉన్నాయి. మిగిలిన జకార్డు అట్టలు, పట్టు పోగు, సున్నం. గోనె వదిలేశాను, నూనె రంగు ఎప్పుడో వదిలేశాను. నీలం మాత్రం కొత్తగా వచ్చింది. 19వ శతాబ్దంలో కడప ప్రాంతం నీలిమందుకు పేరుపడింది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి అంగట్లోకి వచ్చాక ఆ సాగు కుంగిపోయింది. లేపాక్షి పైకప్పు మీద వెతికినా దాదాపు దొరకని నీలం, ఒకప్పుడు మన పొలాల్లో పండింది. నీలిలో ముంచిన పోగును అట్ట చిల్లుల్లోంచి ఒక్కొక్కటిగా దూరుస్తున్నాను. వేళ్లు మొద్దుబారినా సూది పట్టుకోగలుగుతున్నాయి. ఏ చిల్లులోంచి దూర్చాలి అన్నది నేను నిర్ణయించను, అట్టలో ఉన్న క్రమంలోనే పోతాను. దండ పూర్తయ్యేసరికి ఆ నెమలి కనపడకపోవచ్చు. కానీ దాని ప్రతి పోగూ నా చేతి మీదుగా ఒకసారి పోయి ఉంటుంది.

నాలుగు అట్టలు ఈ బల్ల మీద పెట్టాను. రండి, చేత్తో పట్టుకుని చూడండి, చిల్లుల్లోంచి కిటికీ వైపు చూడండి. ఆ తర్వాత పక్క గదిలో మీరు పెట్టిన బొమ్మల దగ్గరికి వెళదాం. మీరు ఏ వస్తువు వాడారో, ఎందుకు వాడారో ఒక్కొక్కరూ చెప్పాలి. అందరివీ వింటాను.